అప్‌డేట్: ముత్తాత వెళ్లిన 'రంగం' ఏ ఊరో తెలిసింది

మా అమ్మమ్మ నాన్నగారు కోనసీమ నుంచి 'రంగం' వెళ్లి తిరిగి రాలేదని, అది ఏ ఊరని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్సండి. రంగమంటే బర్మాలోని రంగూన్ (ఇప్పటి యాంగోన్), కాకినాడ నుంచి ఓడల్లో వెళ్లేవారని ఒకరు చెప్పిందే నిజం. అది శ్రీరంగమేమో అన్న ఊహ, ఇంటిపేర్ల సైట్లలో వెతకమన్న సలహా ఎందుకూ పనికిరాలేదు.

రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజు నకలు తీయిస్తే, ఆయన పేరు పక్కన 'రంగూనులో కూలి' అని ఉంది! ఊళ్లో తొంభై దాటిన తాతగారికి చూపించాను. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేశాక, 1942లో ఆ తాతగారి నాన్న, మా ముత్తాత కలిసి కొండదారిన ఇండియాకి నడిచి బయల్దేరారట. ముత్తాత దారిలోనే జ్వరంతో పోయారు.

అమ్మమ్మ ఆ నకలు దేవుడి గూట్లో పెట్టుకుంది.