అప్‌డేట్: మొదటి కాయిల్ చుట్టేశాను

మొదటి రీబిల్డబుల్ అటామైజర్‌గా (ఈ-సిగరెట్‌లో ద్రవాన్ని ఆవిరి చేసే భాగం, కాయిల్ మనమే చుట్టుకునే రకం) డ్రిప్పర్ (ద్రవాన్ని చుక్కలుగా వేసుకునేది) కొనాలా, ట్యాంక్ ఉన్నది కొనాలా, కాయిల్ షార్ట్ అవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే సింగిల్ కాయిల్ ఆర్‌టీఏ, అంటే ట్యాంక్ ఉన్నదే, తీసుకున్నాను. కాయిల్ బిగించే డెక్ మీద చోటు బాగా ఉంది, కొత్తవాళ్లకు అదే ముఖ్యం అనిపించింది.

26 గేజ్ కాంతాల్ తీగను (కరెంటుకు వేడెక్కే లోహపు తీగ) 3 మిల్లీమీటర్ల రాడ్ మీద 6 చుట్లు చుట్టాను. లెక్క ప్రకారం రెసిస్టెన్స్ 0.8 ఓం దగ్గర రావాలి. మోడ్‌లో (బ్యాటరీ ఉండే భాగం) చూస్తే అంకె నిలవట్లేదు, 0.5, 0.9, మళ్లీ 0.6. ఫైర్ బటన్ ముట్టుకోలేదు. విప్పి వెలుతురులో చూస్తే, కత్తిరించకుండా వదిలేసిన తీగ కొస డెక్ గోడకు తగులుతోంది! మొదట్లోనే కత్తిరించాల్సింది. దాన్ని స్క్రూ అంచు దాకా కత్తిరించి, స్క్రూలు బిగించాక 0.82 దగ్గర కదలకుండా నిలిచింది.

తర్వాత తక్కువ వాట్లలో కొద్దికొద్దిగా వేడి చేస్తూ, బటన్ వదిలాక సెరామిక్ ట్వీజర్‌తో నొక్కాను. ఇప్పుడు మధ్యలోంచి సమానంగా ఎర్రబడుతోంది. కాయిల్‌కు ద్రవం అందించే దూది మాత్రం రెండుసార్లు మార్చాను, మొదటిది మరీ బిగుతైంది.

మెకానికల్ మోడ్ ఇప్పుడే వద్దన్నవాళ్లకు ప్రత్యేకంగా థాంక్స్. అందులో ఆ షార్ట్‌ను ఆపే సర్క్యూటే ఉండేది కాదు.