‘ఏటి’ మోటు మాట కాదు

ఈమధ్య ఇంట్లో ‘కేరాఫ్ కంచరపాలెం’, ‘పలాస 1978’ సినిమాలు వెంటవెంటనే చూశాం. రెండూ నచ్చాయి. చూస్తుండగా హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనకోడలు, “ఏంటి అనకుండా ఏటి అంటారేం మావయ్యా, తప్పు కదా?” అంది. విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి, మనసు చివుక్కుమంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మూలరూపం ‘ఏమిటి’. ‘మి’లో అచ్చు పోయి మకారం సున్నగా మిగిలితే ఏంటి, ఆ సున్న కూడా పోతే ఏటి. రెండూ ఒక తల్లి బిడ్డలే. ఒకటి టీవీల్లో, సినిమాల్లో పాతుకుపోయింది. రెండోది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జనం నోట నిలిచింది. ఏంటి ఒప్పయితే ఏటి తప్పెలా అవుతుంది?

పైగా మా ‘ఏటి’ చేసే పని చాలా ఉంది. ‘వస్తావేటి?’ అంటే వస్తావా అని అడగడమే కాదు, రావనుకున్నానే అన్న ఆశ్చర్యం కూడా అందులో ఉంటుంది. పళ్ళెం ముందు అలిగి కూర్చున్న పిల్లాణ్ణి ‘తినవేటి?’ అంటే అది బతిమాలడం. ‘తినవా?’లో ఆ మెత్తదనం రాదు.

చాలా ఏళ్ళపాటు మన సినిమాల్లో ఈ యాస పనివాళ్ళకో, నవ్వించే పాత్రలకో దక్కింది. వెంకటేష్ మహా 2018లో తీసిన కంచరపాలెంలో నటించినవాళ్ళు ఎక్కువమంది విశాఖలోని ఆ పేటవాళ్ళే. పెళ్ళికాని అటెండరు రాజు కష్టం, ప్రేమ ఆ యాసలోనే వింటాం. ఎక్కడా వెక్కిరింపు లేదు. నాకు ఆ సినిమా అంత దగ్గరైంది అందుకే.

ఒక పాఠకుడు: బాగా చెప్పారండీ. మరి ‘ఏటి ఒడ్డు’లో ఏటి?

నా జవాబు: అది వేరేనండీ. ‘ఏరు’కి ఔపవిభక్తిక రూపం, అంటే మరో మాటో విభక్తో చేరేముందు ఆ మాట మారే రూపం. ‘ఏటికేడు’లోది ‘ఏడు’ నుంచి వచ్చింది, అంటే సంవత్సరం. ఈ మూడూ పలకడానికి ఒకటే, పుట్టుకలు వేరు.

ఇంకొకరు: బొబ్బిలిలో మా అమ్మమ్మ త్వరగా రమ్మనడానికి ‘బేగి రా’ అనేది. అదీ యాసేనా?

నా జవాబు: యాసే, కానీ మంచి వంశం ఉన్న మాట. సంస్కృతంలోని ‘వేగ’మే. కన్నడంలో ఇప్పటికీ అందరూ ‘బేగ’ అంటారు, అక్కడ ఎవరూ దాన్ని మోటు అనరు. మీ అమ్మమ్మ గారు ఇంకా ఏమేం అనేవారో గుర్తుంటే రాయండి, ఇలాంటివి ఒకచోట పోగు చేస్తున్నాను.