ఎల్‌కేజీ వయసులో వంద వరకు ఒంట్లు రాయించాలా?

పరకాల తండ్రి:
మా పాపకు నాలుగేళ్లు నిండాయి. వీధి చివర అంగన్‌వాడీకి వెళ్తోంది. అక్కడ చింతగింజలు లెక్కపెట్టిస్తారు, చెప్పులు జతలుగా సర్దిస్తారు, ఒలకకుండా గ్లాసులో నీళ్లు పోయడం నేర్పుతారు. మా అన్న కొడుకు హన్మకొండలో ఎల్‌కేజీ. వంద వరకు ఒంట్లు రాస్తాడు. బంధువులందరూ మా పాపను ఎందుకు వెనకబెట్టావని అడుగుతున్నారు. జూన్‌లో ప్రైవేటు బడికి మార్చాలా?

కాజీపేట వాసి:
మార్చండి అన్నా. ఒకటో తరగతిలో చేర్చుకునే ముందు పిల్లలతో రాయించి చూసే బళ్లు చాలా ఉన్నాయి. ఇంట్లో సాయంత్రం కూర్చోబెట్టి రాయించేవాళ్లుంటే బడిలో ఆటలాడినా నష్టం లేదు. నేను, మా ఆవిడ ఇద్దరం పనికి వెళ్తాం. బడిలో రాయించకపోతే మా పిల్లలకు ఎవరు రాయిస్తారు? అమెరికాలో గ్రెగ్ డంకన్ అనే పరిశోధకుడి బృందం 2007లో ఆరు పెద్ద అధ్యయనాలను కలిపి పరిశీలించింది. బడిలో చేరేనాటికి లెక్కల్లో ముందున్నవాళ్లే తర్వాత కూడా చదువులో ముందున్నారని తేల్చింది. మరి ఆలస్యం ఎందుకు?

అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట:
అన్నా, ఆ బృందం చూసింది పిల్లలకు సంఖ్యలు, వాటి వరుస, ఎక్కువ తక్కువలు ఎంత తెలుసని. నోట్‌బుక్‌లో ఎన్ని పేజీలు నింపారని కాదు.

పరకాల అన్నగారూ, ఈ రాత్రి ఒక పని చేయండి. మీ పాప ముందూ, మీ అన్న కొడుకు ముందూ చెంచాలు పోసి "నాకు అయిదు ఇవ్వు" అనండి. ఇరవై వరకు గుక్కతిప్పుకోకుండా చెప్పే పిల్లలు కూడా గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. కారెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లో ఇదే అడిగి చూసింది. పిల్లలకు ముందు 'ఒకటి' అర్థమవుతుంది, కొన్ని నెలలకు 'రెండు', ఆ తర్వాత 'మూడు'. చివరగా పలికిన సంఖ్యే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడానికి చాలామందికి మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. అది తెలియని పిల్ల రాసిన 67 ఒక బొమ్మ, అంతే. పైగా అది మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడని వయసు. గంటసేపు పెన్సిల్ పట్టిస్తే వేళ్లు నొప్పి పుట్టి పుస్తకమంటేనే భయపడతారు. అలాంటి పిల్లలను నేను చూశాను, నాకు బాధ కలుగుతుంది.

మా దగ్గర మధ్యాహ్న భోజనమే లెక్కల పీరియడ్. ఎంతమంది వచ్చారు, ఎన్ని పళ్లేలు కావాలి, ఒకరికి గుడ్డు అందకపోతే ఇంకా ఎన్ని తేవాలి? గుడ్డు పెంకు వాళ్లే ఒలుచుకుంటారు. పెన్సిల్‌కు కావలసిన వేళ్ల బలం అక్కడే వస్తుంది. బతుకమ్మ పేర్చేటప్పుడు కింది వరుసకు ఎక్కువ పూలు, పైకి పోయేకొద్దీ తక్కువ. ఒక వరుస గునుగు, ఒక వరుస తంగేడు, తర్వాత ఏది రావాలో మూడేళ్ల పిల్ల కూడా చెబుతుంది.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, హన్మకొండ:
అమ్మా, మీ మాటలో సగంతోనే ఏకీభవిస్తాను. ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో, మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు ఢిల్లీలో 214 బాలవాడీల్లో లెక్కల ఆటలు ఆడించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. చూడగానే ఎక్కువ తక్కువలు పోల్చే శక్తి పిల్లల్లో పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. కానీ ప్రాథమిక బడి లెక్కల్లో దాని ప్రయోజనం కనిపించలేదు. 2025లో వచ్చిన మరో పరిశోధన ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో సరుకులమ్మే పిల్లలను చూసింది. నోటితో బేరం లెక్క తప్పకుండా కట్టేవాళ్లు కాగితం మీది లెక్క దగ్గర ఆగిపోయారు. బడి పిల్లలది దానికి తలకిందుల సంగతి. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోనూ అలాంటి నోటిలెక్క రోజూ వింటాం. చేతిలో గింజకూ పలక మీది అంకెకూ వంతెన ఎవరో ఒకరు కట్టాలి. దానంతట అది ఏర్పడదు.

అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట:
ఒప్పుకుంటాను సార్. అందుకే పళ్లేలు లెక్కపెట్టగానే ఆ అంకె ఉన్న కార్డు పక్కన పెట్టిస్తాను. తర్వాత ఇసుకలో వేలితో, ఆ తర్వాత బలపంతో. నాలుగేళ్లకు పది లోపు చాలు, ప్రతి అంకెకూ చేతిలో వస్తువులుండాలి. వంద వరకు చూచిరాత మీరు చెప్పిన వంతెన కాదు.

కాజీపేట వాసి:
ఇదంతా బాగుంది. అడ్మిషన్ రోజు ఇసుకలో రాయమని ఎవరూ అడగరు కదా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, హన్మకొండ:
అసలు అడగకూడదు బాబూ. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లలను పరీక్షించి చేర్చుకోవడం నిషిద్ధం. మొదటిసారి 25,000, ఆపైన ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా.

కాజీపేట వాసి:
ఫిర్యాదు చేస్తే నా బిడ్డకు సీటు ఉంటుందా సార్? చట్టం పేరు చెప్పి కూలికి వెళ్లేవాడిని ముందుకు నెట్టకండి.

అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట:
ఆ భయం నిజమైనదే. ఒక్కరు కాకుండా తల్లిదండ్రులంతా కలిసి అడగాలి. అంగన్‌వాడీలో నెలనెలా జరిగే ఈసీసీఈ డేకు, అంటే చిన్నపిల్లల సంరక్షణ, విద్య దినానికి, తండ్రులు అరుదుగా వస్తారు. వచ్చి, మీ పిల్లకు ఏం వచ్చో అక్కడే అడిగి చూడండి. పిల్లకు రాకపోతే మమ్మల్ని నిలదీయండి.

పరకాల తండ్రి:
చెంచాలు అడిగాను. పాప నాలుగు సరిగ్గా ఇచ్చింది, అయిదు అంటే గుప్పెడు ఇచ్చింది. జూన్ దాకా ఇక్కడే ఉంచుతాను. అంకెల కార్డులు పెట్టమని మా టీచరమ్మను రేపు అడుగుతాను.