ముసలి కుందేలు సరిగ్గా తినట్లేదు

ప్రశ్న: మా చిట్టికి 9 ఏళ్లు. వెనక కాళ్లు పట్టేసి, ఒంటికీ రెంటికీ పెట్టిన ట్రేలోకి ఎక్కలేకపోతోంది, తోక కింద బొచ్చు ఎప్పుడూ తడిగానే ఉంటోంది. కొత్తిమీర పెడితే ఆత్రంగా వాసన చూస్తుంది, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది. వయసే కదా అని ఊరుకోబుద్ధి కావట్లేదండి.

జవాబు: ఊరుకోకండి అక్కా. తినాలని ఉండీ వదిలేస్తోందంటే దవడ పళ్లు చూపించాలి. కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, మొనలు నాలుక్కి గుచ్చుకుంటాయి. 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగినా రాత్రనక డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. పేగులు కదలకపోతే ప్రాణం మీదికొస్తుంది.

జవాబు: ట్రే ఒక పక్క అంచు కోసెయ్యండి, మెత్తటి తువ్వాలు పరవండి. మా కుందేలుకి కీళ్లనొప్పులకి డాక్టర్ మెలోక్సికామ్ రాశారు, ఇప్పుడు మళ్లీ ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకుంటోంది. మీ అంతట మీరు మాత్రం ఏ మందూ వెయ్యకండి.

ప్రశ్న అడిగినవారు: ట్రే కోశాను. పొద్దున్నే పళ్లు చూపిస్తాను.