రక్తం ఇచ్చే పిల్లలకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలి? (అనంతపురం)

ఉరవకొండ అమ్మ:
అందరికీ నమస్కారం. మాది ఉరవకొండ. మా ఆయన మగ్గం నేస్తారు, నేను కండెలు చుడతాను. మా పాపకు తలసేమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు), ఇప్పుడు ఐదో తరగతి. మూడు నాలుగు వారాలకోసారి అనంతపురం తీసుకుపోయి రక్తం ఎక్కించాలి. హిమోగ్లోబిన్ 9 కంటే కిందికి జారిందంటే బడి మెట్లెక్కడానికి కూడా ఆయాసపడుతుంది. ఎక్కించిన మరుసటి రోజు తాడాట ఆడుతుంది.

పాప ఇంతవరకు వచ్చిందంటే ముక్కూమొహం తెలియని పిల్లల దయే. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. కాలేజీలు మూసేస్తారు, క్యాంపులు ఉండవు, మాలాంటి వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. పోయిన ఎండాకాలం గుత్తి నుంచి ఒక అబ్బాయి మిట్టమధ్యాహ్నం బస్సులో వచ్చి రక్తమిచ్చాడు. చార్జీ డబ్బులు చేతిలో పెట్టబోతే "వద్దక్కా, పాపకు పండ్లు కొనివ్వు" అని వెళ్లిపోయాడు.

జూన్ 14 రక్తదాతల దినం కదా. ఆ రోజు వీళ్లకు ఏదైనా చేయాలని ఉంది. మా ఆయన పట్టు కండువాలు నేస్తానంటున్నారు. మా మరిది శాలువాలు, మెమెంటోలు, పాప ఫోటోతో ఫ్లెక్సీ అంటున్నాడు. రక్తం ఇచ్చేవాళ్లు, గ్రూపులు నడిపేవాళ్లు మీకు ఏది సంతోషమో చెప్పండి. మొహమాటం వద్దు.

కోవూరు నగర్ టీచర్:
అక్కా, నేను చాలా ఏళ్లుగా ఇస్తున్నా. మేమిచ్చిన రక్తం నేరుగా ఎవరికీ ఎక్కించరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేసి, ఎర్రకణాలు వేరు, ప్లేట్‌లెట్లు వేరు చేసి, ఎవరికి అవసరమైతే వాళ్లకిస్తారు. నా రక్తం ఎవరికి పోయిందో నాకు తెలియదు. తెలియాలనీ అడగను. అయితే అది ఎక్కడో ఒకచోట పనికొచ్చిందని వింటే మాత్రం చాలా తృప్తిగా ఉంటుంది.

అందుకని పాప చేత ఒక కాగితం రాయించండి. పేరు, ఊరు వద్దు. తాను ఏ ఆట ఆడుతుందో, లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో తన అక్షరాలతోనే రాయమనండి. బ్లడ్ బ్యాంకు వాళ్లను అడిగి, రక్తం తీసే మంచం ఎదురుగా గోడకు అతికించండి. సూది గుచ్చుకుని పడుకున్నప్పుడు పైన ఫ్యాను తప్ప చూసేదేమీ ఉండదు. ఫ్లెక్సీ మాత్రం వద్దక్కా. పాప పెద్దదవుతుంది, తన జబ్బు సంగతి ఎవరికి చెప్పాలో తనే చూసుకుంటుంది.

డోనర్ల నోటుబుక్కు:
అమ్మా, నేను పగలు మెడికల్ షాపులో పని చేస్తాను, మిగిలిన టైములో మా కాలనీ కుర్రాళ్లతో కలిసి డోనర్ల గ్రూపు చూస్తుంటాను.

ముందు కండువా మాట. మీ ఆయన మనసుకు దండం, కానీ పట్టు వద్దు. ఒకప్పుడు డబ్బు కోసం జబ్బులు దాచిపెట్టి పదే పదే రక్తం అమ్ముకునేవాళ్లు ఉండేవాళ్లు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి మన దేశంలో ఆ పద్ధతిని నిషేధించారు. అందుకే విలువైనది ఏదిచ్చినా మా పిల్లలు ఇబ్బంది పడతారు. ఒక బ్యాడ్జీ, గ్లాసు పండ్లరసం, మీ చేతి ఓళిగలు పెట్టండి, ఎవరూ కాదనరు.

ఇక మా కష్టం చెప్తా. రాత్రి పదకొండుకు "బీ నెగెటివ్ అర్జెంట్" అని మెసేజ్ వస్తుంది. అదే మెసేజ్ ఊళ్లో ఉన్న అన్ని గ్రూపుల్లోనూ పెట్టి ఉంటారు. నేను నోటుబుక్కు తీసి, ఎవరు రక్తమిచ్చి మూడు నెలలు దాటిందో చూస్తా. ఆడపిల్లలైతే నాలుగు నెలలు. ఒకరిని నిద్ర లేపుతా. ఆ అబ్బాయి కళ్యాణదుర్గం నుంచి బైకు మీద వచ్చేసరికి "అరే, ఎప్పుడో దొరికింది బ్రదర్" అంటారు. వాడు ఏమీ అనడు. మళ్లీసారి నా ఫోన్ ఎత్తడు. ఎంత మంచి డోనర్లు ఇట్లా దూరమయ్యారో! కొన్ని మెసేజ్‌లకు తేదీ కూడా ఉండదు, నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి. వాటిని చూసి ఇప్పటికీ పాపం ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

మీలాంటి వాళ్లు తోటి పేషెంట్ల ఇళ్లవాళ్లకు చెప్పండమ్మా. మెసేజ్‌లో తేదీ రాయాలి. రక్తం దొరికిన నిమిషమే "దొరికింది, ఇంకెవరూ రావద్దు" అని పెట్టాలి. మరుసటి రోజు "మనిషి బాగున్నారు" అంటే ఇంకా మంచిది. అట్లా చెప్పినవాళ్లు ఎవరెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంకొక మాట. రక్తమిచ్చే పిల్లలు చాలామందే ఉన్నారు, ఫోన్లు చూసుకునేవాళ్లే తక్కువ. మధ్యాహ్నం పూట ఎవరైనా ఆ పని అందుకుంటే నాకు అదే పెద్ద సన్మానం.

ల్యాబులో పనిచేసే మనిషి:
పై మాటలన్నీ నిజం. తేదీ గురించి ఒక్కటి చెప్తా. జూన్ 14న, మన దేశంలో స్వచ్ఛంద రక్తదాన దినమైన అక్టోబరు 1న క్యాంపులు బాగానే జరుగుతాయి. కానీ ఎర్రకణాలు ఉండేది గరిష్ఠంగా 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఒకే రోజు అందరూ ఇచ్చేస్తే మళ్లీ వాళ్లను వెంటనే పిలవలేం. మీరు చేయదలచింది ఏప్రిల్‌లో చేయండమ్మా. పరీక్షలైపోయి పిల్లలు ఊళ్లకు పోకముందు ఒకసారి పిలిస్తే, ఎండాకాలం మధ్యలో వచ్చేవాళ్లు కొందరైనా తయారవుతారు.

ఉరవకొండ అమ్మ:
అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. "దొరికింది" అని చెప్పకపోతే ఇంత నష్టమని వార్డులో మాలో చాలామందికి తెలియదు. రేపు పోయినప్పుడు అక్కడి అమ్మలందరికీ చెప్తా. పాప అప్పుడే కాగితం, రంగు పెన్సిళ్లు తీసింది. ఓళిగల సంగతి ఏప్రిల్‌కు.

నోటుబుక్కు అన్నా, కండెలు చుట్టేటప్పుడు ఫోన్ పక్కనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మా వైపు ఫోన్లు నేను చేస్తా. ఉరవకొండ, వజ్రకరూరు వైపు రక్తం ఇవ్వగలిగేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే బ్లడ్ గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, ఏ టైములో ఫోన్ చేస్తే ఇబ్బంది లేదో నాకు విడిగా మెసేజ్ పెట్టండి.