కంప్రెసర్ గాలితో రాతి దుమ్ము కొట్టడం సేఫేనా?

తాడిపత్రి తమ్ముడు: అన్నా, మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సాయంత్రం మిషన్లు ఆపినాక కంప్రెసర్ గన్ను తీసుకుని అన్నిటి మీదా దుమ్ము కొడతారు, ఆఖర్న చొక్కాలు, తలకాయ కూడా దాంతోనే దులుపుకుంటారు, షెడ్డంతా తెల్లగా కమ్ముకుంటాది, ఇట్ల చేయొచ్చా? వేరే దారేముంది?

కర్నూలు మెకానిక్: ఒంటి మీద మాత్రం వద్దే వద్దు బ్రదర్. చిన్న గాయం ఉన్నా గాలి లోపలికి దూరి రక్తంలో కలిస్తే ప్రాణం మీదికొస్తాది, కంట్లో చెవిలో కొట్టినా డేంజరే. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ రూల్ ప్రకారం క్లీనింగ్‌కి నాజిల్ దగ్గర ప్రెషర్ 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కంటే తక్కువుండాల, మన షాపుల్లో ట్యాంకు మామూలుగా 100 దాకా ఉంటాది, రెగ్యులేటర్ తిప్పి తగ్గించండి. కళ్లద్దాలు తప్పనిసరి.

కడప అక్క: ప్రెషర్ కంటే దుమ్మే పెద్ద సమస్య అప్పా. గ్రానైట్‌లో సిలికా అనే ఖనిజం ఉంటాది, కంటికి కనపడని సన్నదుమ్ము గంటలకొద్దీ గాల్లోనే తేలతాంటాది, ఏళ్లతరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తాది, అది వచ్చినాక నయం చేసే మందు లేదు. అందుకే రాతిదుమ్ముకి గాలి అసలు వాడొద్దు, నీళ్లు చల్లి తడిగుడ్డతో తుడవండి, ప్యానెల్ బోర్డు లాంటివి తడపలేం కాబట్టి కరెంటు ఆపి హెపా ఫిల్టరున్న (సన్నదుమ్మును కూడా పట్టేసేది) వ్యాక్యూమ్ పెట్టండి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు టైట్‌గా పెట్టుకోవాల. ఆ చొక్కాలతోనే ఇంటికి పోయి పిల్లోళ్లని ఎత్తుకోవద్దని చెప్పు, యూనిట్‌లోనే మార్చుకోమను.

తాడిపత్రి తమ్ముడు: థాంక్స్ అక్కా, అన్నా. రేపు ఓనర్‌తో మాట్లాడతా, ముందు చొక్కాల మీద కొట్టుకునేది ఆపిస్తా.