95 ఆక్టేన్ పెట్రోల్ కొట్టిస్తే మైలేజీ పెరుగుతదా? రెండు ట్యాంకులు కొట్టించి చూసిన

సూర్యాపేట లెక్కల టీచర్:
అందరికీ నమస్తే. నాది 2018 మోడల్ పెట్రోల్ కారు, 1.2 లీటర్ల ఇంజన్, టర్బో లేదు. 71 వేల కిలోమీటర్లు తిరిగింది. సూర్యాపేట నుంచి నకిరేకల్ దిక్కు బడికి రోజూ పోయొస్త. రానూపోనూ 58 కిలోమీటర్లు, దాదాపు అంతా 65వ నంబరు హైవే మీదనే. కారు కొన్నప్పటి నుంచి ట్యాంకు నింపిన ప్రతిసారి కిలోమీటర్లు, లీటర్లు డైరీల రాసుకుంట. మొదట్ల లీటరుకు 17.5 కిలోమీటర్ల కంటే తక్కువ ఏనాడూ రాలే. ఈ ఏడాది ఏడాదిన్నరలో తగ్గుకుంట తగ్గుకుంట 15.2 కాడికొచ్చింది.

బంకుల పిల్లగాడు "మేడం, 95 కొట్టించుకోండి, ఇంజన్ సాఫవుతది, మైలేజీ పెరుగుతది" అన్నడు. లీటరుకు ఏడున్నర రూపాయలు ఎక్కువ. సరే అని రెండు ట్యాంకులు కొట్టించిన. 15.4 వచ్చింది. ఆ వారం మబ్బులుండి ఏసీ పెద్దగ వెయ్యలే, ఆ పాయింటు రెండు దాని వల్లనే అనుకుంటున్న. ఇప్పుడు మా బళ్ళె ఒక సారు "95 కాదు, 100 పోయించి చూడండి" అంటున్నరు.

107న్నర పెట్టే కాడ 115 పెడితే 7 శాతం ఎక్కువ. అంటే 15.2 కాస్త 16.3 అయితేనే పెట్టిన పైసలు ఎల్లుతయి. నెలకు పెట్రోలుకే పదివేల దగ్గరికి పోతున్నయి కాబట్టి అడుగుతున్న. నంబరు పెద్దగుంటే పెట్రోల్ల బలం ఎక్కువుంటదా? నా కారుకు ఏది సరైంది?

ఆటోనగర్ షెడ్డు:
టీచర్ గారూ, ముందు మీ డైరీకి ఒక దణ్ణం. విజయవాడ ఆటోనగర్లో 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. "మైలేజీ రావట్లేదు" అని రోజూ ఎవరో ఒకరు వస్తారు, లెక్క రాసుకుని వచ్చేవాళ్లు మాత్రం ఏడాదికి ఒకరు తగిలితే గొప్ప.

ఆక్టేన్ అంటే బలం కాదండీ, ఓర్పు. సిలిండర్లో గాలినీ పెట్రోలునీ పిస్టన్ నొక్కుతుంది. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. ప్లగ్గు నిప్పు అంటించాక మంట వరుసగా పాకాలి. ఆ మంట అందేలోపే ఓ మూల దానంతట అది పేలిందంటే ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని మోత వస్తుంది, అదే నాకింగ్. అలా పేలకుండా ఎంత ఒత్తిడి ఓర్చుకుంటుందో చెప్పేదే 91, 95, 100 అనే నంబరు. 91 చాలని తయారుచేసిన ఇంజన్లో 100 పోస్తే ఆ అదనపు ఓర్పుతో దానికి పని పడదు. మీది ఎంతకి కట్టిందో పెట్రోలు మూత లోపలి స్టిక్కరు మీదో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. టర్బో పెట్రోల్ బళ్ల సంగతి వేరు, వాటిలో గాలిని బలవంతంగా ఎక్కిస్తారు కాబట్టి ఒత్తిడి ఎక్కువ. నాకింగ్ మొదలవగానే సెన్సరు కనిపెట్టి స్పార్కుని వెనక్కి జరుపుతుంది, అంటే నిప్పు కాస్త ఆలస్యంగా పడుతుంది, దాంతో లాగుడూ మైలేజీ రెండూ పడిపోతాయి. మే నెల ఎండలో, నిండా మనుషులతో ఘాట్ ఎక్కేవాళ్లకి 91 కంటే 95తో తేడా నిజంగానే తెలుస్తుంది. వాళ్ల పుస్తకంలో 95 మంచిదని ఉంటే పోయించుకోవాల్సిందే.

ఇక అసలు విషయం. ఇప్పుడు మామూలు పెట్రోల్లోనే 20 శాతం ఇథనాల్ (చెరకు, ధాన్యాల నుంచి తీసే ఆల్కహాలు) కలుస్తోంది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై తర్వాత అంతటా వచ్చింది. ఇథనాల్ ఆక్టేన్ 108 పైమాటే, కాబట్టి మామూలు పైపులోంచి వచ్చేదే 95 దరిదాపుల్లో ఉంటుంది. మీకు తగ్గింది ఆక్టేన్ కాదు, శక్తి. లీటరు పెట్రోల్లో ఉండే శక్తిలో మూడింట రెండొంతులే లీటరు ఇథనాల్లో ఉంటుంది. పది శాతం కలిపినదాని నుంచి ఇరవైకి మారితే మూడున్నర శాతం దాకా పోతుంది. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనైతే మీలాంటి పాత కార్లకు 6–7 శాతం తగ్గొచ్చని రాశారు. ఆ పెద్ద లెక్కే తీసుకున్నా, మీ మొదటి 17.5లోంచి 7 శాతం పోయి 16.3 రావాలి. వస్తున్నది 15.2. ఆ కిలోమీటరు పైచిలుకు పెట్రోల్లో లేదు, బండిలో ఉంది.

రేపు బడికి వెళ్లి దిగగానే నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా అరచెయ్యి పెట్టండి, తాకించొద్దు. ఒకటి మిగతా మూడింటికంటే ఎక్కువ సెగ కొడితే అక్కడ బ్రేకు వదలడం లేదన్నమాట. టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూపించండి. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు ఎప్పుడు మార్చారు? హైవే మీద అరగంట నడిపాక కూడా ఇంజన్ సరిగా వేడెక్కకపోతే థర్మోస్టాట్ (ఇంజన్ని చల్లబరిచే నీళ్లను అదుపు చేసే వాల్వు) తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి, చల్లటి ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

ఖమ్మం బంకు మేనేజర్:
అన్న చెప్పింది కరెక్టు. నేను ఒక్క మాట కలుపుతా. పెట్రోలు మీద అనుమానం ఉంటే అడిగి చూసుకునే హక్కు మీకుంది, మొహమాటపడకండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్ర ప్రతి బంకులో ఉండాలి. అందులో పట్టించి చూడండి, 25 మిల్లీలీటర్లకు మించి తేడా రావద్దు. ఫిల్టర్ పేపరు మీద ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. జిడ్డు మరక మిగిలిందంటే కల్తీ. వానాకాలం మాత్రం నీళ్ల విషయంలో గట్టిగా ఉండండి. ఇథనాల్ నీళ్లను లాక్కుంటది, భూమిలోని ట్యాంకుల నీళ్లు చేరితే రెండూ కలిసి అడుగుకు దిగుతయి. మేము రోజూ, నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు రాసిన కడ్డీ ముంచి చూసేది అందుకే.

డాలస్ నెల్లూరోడు:
మా నాన్న కూడా ఇక్కడికొచ్చినప్పుడు పంపు మీద 87 చూసి "ఇంత నాసిరకం పోస్తున్నావేంరా" అని బాధపడ్డారు. ఇక్కడ రెండు రకాల పరీక్షల సగటు రాస్తారు, అక్కడి 91, 92కి ఇక్కడి 87 సమానం. ట్రిపుల్ ఏ (ఇక్కడి వాహనదారుల సంఘం) వాళ్లు 2016లో పరీక్ష చేసి, మామూలు పెట్రోలుకు తయారైన కార్లలో ప్రీమియం పోస్తే మైలేజీలో లాభమేమీ లేదని తేల్చారు. ఆ 100 జోలికి వెళ్లకండి మేడం.

సూర్యాపేట లెక్కల టీచర్:
ఐదు వారాలైంది, చెప్పుదామని వచ్చిన. ముందు ఎడమ చక్రం కాడ చెయ్యి పెడితే పొయ్యి కాడ పెట్టినట్టే ఉండె. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పిన్ను ఎండిపోయి బ్రేకు పట్టుకునే ఉన్నదట. సాఫు చేసి గ్రీజు పెట్టి 650 తీసుకున్నరు. టైర్లల్ల 30 ఉండాల్సిన కాడ 24 ఉండె. పెట్రోల్ మామూలుదే, అదే బంకు, పైపు మొదటిసారి ఆగిన కాడనే ఆపుడు. మూడు ట్యాంకులకు 16.7, 16.9, 16.8. నెలకు తక్కువల తక్కువ తొమ్మిది వందలు మిగులుతున్నయి. ఆటోనగర్ అన్నా, మీ మేలు మరువ.

ఆటోనగర్ షెడ్డు:
చాలా సంతోషం అమ్మా. మిగిలిన ఆ కాస్త తేడా ఇథనాల్‌ది, దానికి మనం చేసేదేమీ లేదు. ఎడమవైపు పిన్ను ఎండిందంటే కుడివైపుది కూడా అంతే వయసు, ఈ ఆదివారం దాన్నీ విప్పించి గ్రీజు పెట్టించండి. తేదీ డైరీలో రాసుకోండి.